"నాను పోతానేటమ్మీ" అని పేషెంట్ అడిగినప్పుడు

ప్రశ్న: మేడమ్, నేను వైజాగ్‌లో బీఎస్సీ నర్సింగ్ సెకండియర్ చదువుతున్నాను. మాది విజయనగరం వైపు పల్లెటూరు, ఇక్కడ హాస్టల్లో ఉంటున్నాను. మెడికల్ వార్డు పోస్టింగ్‌లో నాకు ఒక తాతయ్యని ఇచ్చారు, భీమిలి వైపు చేపల వేటకెళ్లే మనిషి, లివర్ పూర్తిగా పాడైపోయింది, పొట్టనిండా నీరు. ఎనిమిది రోజులు నేనే ఒళ్లు తుడిచాను, గెడ్డం గీశాను, గంజి పట్టాను. పొద్దున్నే నన్ను చూడగానే "ఏటమ్మీ, ఇయాల గాలెటుంది" అని అడిగేవారు, నాకు తెలిసేది కాదు, నవ్వేసేదాన్ని. తొమ్మిదో రోజు "నాను పోతానేటమ్మీ" అన్నారు. "ఛ ఛ, అదేం మాట తాతయ్యా, తగ్గిపోద్ది, రెండ్రోజుల్లో ఇంటికెళ్లిపోతారు" అనేసి పక్క బెడ్ డ్రిప్ చూడ్డానికి వెళ్లిపోయాను. మర్నాడు మధ్యాహ్నం నా డ్యూటీలోనే పోయారు. ఊపిరి ఆగి ఆగి రావడం, గొంతులో గరగర, మోకాళ్ల దగ్గర చర్మం నీలం మచ్చలైపోవడం చూసి నా కాళ్లు వణికిపోయాయి. తర్వాత బాడీ క్లీన్ చేస్తూ పక్కకి తిప్పితే మూలిగినట్టు సౌండ్ వచ్చింది, నేను గట్టిగా అరిచేశాను, సిస్టర్ నన్ను బయటికి పంపేశారు. మా బ్యాచ్ వాళ్లిద్దరు మాత్రం పనంతా చకచకా చేసేసి క్యాంటీన్‌లో నవ్వుకుంటూ బజ్జీలు తిన్నారు. డెత్ అండ్ డైయింగ్ చాప్టర్‌లో నాకే ఎక్కువ మార్కులు మేడమ్. మూడు వారాలైంది, సరిగ్గా నిద్ర లేదు. మా అమ్మ తలస్నానం చేసి దేవుడికి దణ్ణం పెట్టుకో, లేదంటే మానేసి వచ్చేయ్ అంటోంది. నేను ఈ ఫీల్డుకి పనికిరానా? గుండె గట్టిపడాలంటే ఏం చెయ్యాలి? ఇంకోటి, తాతయ్య వాళ్ల అమ్మాయి నా నంబర్ తీసుకుంది, ఒకసారి ఇంటికి రమ్మని ఫోన్ చేస్తోంది, వెళ్లొచ్చా?

సమాధానం:

తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఊపిరి గురించి, గరగర గురించి, ఆ మూలుగు గురించి ఎంతో రాశావు, డ్రిప్ చూడ్డానికి వెళ్లిపోయానని మాత్రం ఒక్క ముక్కలో చెప్పి దాటేశావు. నాకైతే నీ నిద్ర పోయింది ఆ ముక్క దగ్గరే అనిపిస్తోంది. శవాన్ని చూసి భయపడ్డ పిల్ల నాలుగైదు రోజులు దీపం వేసుకుని పడుకుని తేరుకుంటుంది, నేను అలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. మనిషి ఒక మాట అడిగితే దానికి ఎదురు నిలబడలేకపోయానే అన్న బాధ వేరు, అది ఎన్నాళ్లయినా ఉంటుంది, నాకు తెలుసు, ఎందుకంటే నాకూ ఉంది.

నేను జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, సెకండియర్‌లో ఉన్నప్పుడు, ఇదే ఊళ్లో, గర్భసంచి క్యాన్సర్ ముదిరిపోయిన ఒకావిడ ఉండేది. చిన్న కొడుకు, ఇంకా నిక్కరు వేసుకునే వయసు. ఒకరోజు దుప్పటి మారుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, వీడు బళ్లో చేరేదాకా ఉంటానా అమ్మా అని అడిగింది. నేను చెయ్యి విడిపించుకుని లినెన్ రూములోకెళ్లి దుప్పట్లు లెక్కపెట్టాను, అవసరం లేకపోయినా రెండుసార్లు లెక్కపెట్టాను. ఆవిడ మళ్లీ నన్నేమీ అడగలేదు. పోయేదాకా నాతో మామూలుగానే మాట్లాడింది, మంచినీళ్లిమ్మంది, కిటికీ వెయ్యమంది, అంతే. అడగడం మానేసింది చూడు, అదీ నాకు మిగిలిపోయింది.

అందుకే గుండె గట్టిపడాలంటే ఏం చెయ్యాలి అన్న నీ ప్రశ్నని నేను కొంచెం పక్కకి జరుపుతున్నాను. గట్టిపడక్కర్లేదు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు రెండు నిమిషాలు మంచం దగ్గర ఉండటం నేర్చుకోవాలి. అది గుండెకి సంబంధించింది కాదు, పని. ఇంజెక్షన్ చెయ్యడం ఎలా నేర్చుకున్నావో అలా నేర్చుకునే పని. ఇంజెక్షన్‌కైతే ముందు బొమ్మ మీద ప్రాక్టీసు చేయిస్తారు, దీనికి ఎవరూ చేయించరు, నేరుగా మనిషి ముందు నిలబెట్టేస్తారు, మరి పారిపోక ఏం చేస్తావు.

ముందు ఆ తాతయ్య నిన్నే ఎందుకు అడిగారో ఆలోచించు. డాక్టరుగారు రౌండ్స్‌కి వస్తే వెనకాల పదిమంది ఉంటారు, అయిదు నిమిషాల్లో వెళ్లిపోతారు. స్టాఫ్ సిస్టర్‌కి ఒక్కోసారి ముప్పై నలభై మంచాలు. కూతుర్ని అడిగితే ఏడుస్తుంది. గెడ్డం గీసే పిల్ల మొహానికి మొహం దగ్గరగా అరగంట ఉంటుంది, చేతులు మెత్తగా ఉంటాయి, తొందర ఉండదు. వార్డులో అసలు ప్రశ్నలన్నీ స్టూడెంట్లకే పడేది ఇందుకే. నువ్వు చిన్నదానివని తెలియక అడగలేదమ్మా ఆయన, తెలిసే అడిగారు.

ఇంకో సంగతి, సముద్రం మీద బతికిన మనిషికి తన ఒళ్లు ఎటు పోతోందో తెలియదా? పొట్ట రోజురోజుకీ పెరుగుతుంటే, కళ్లు పచ్చబడుతుంటే, కూతురు వరండాలోకెళ్లి ఫోన్లో గుసగుసలాడుతుంటే ఆయనకి తెలిసిపోయే ఉంటుంది. మన దగ్గర జరిగేది చాలావరకు ఇదే. పేషెంటు తాలూకు వాళ్లు వచ్చి మా నాన్నకి చెప్పకండి సిస్టర్ తట్టుకోలేడు అంటారు, ఆ నాన్నేమో మనల్ని పక్కకి పిలిచి మా అమ్మాయికి తెలియనివ్వకండి బెంగెట్టుకుంటాది అంటాడు, ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఒకరి ముందు ఒకరు నవ్వుతూ ఉంటారు, మధ్యలో మనం గంజి గ్లాసు పట్టుకుని నిలబడతాం. ప్రేమతోనే చేస్తారు, నేను తప్పు పట్టను, కానీ ఆ మనిషి మాత్రం చివరి రోజుల్లో ఒంటరైపోతాడు, ఎందుకంటే తన మనసులో తిరిగే ఒకే ఒక్క సంగతి ఎవరితోనూ మాట్లాడలేడు.

మరి ఏం చెప్పాలి అంటావు. జబ్బు ఏంటో, ఎన్నాళ్లుంటారో చెప్పడం నీ పని కాదు, అది డాక్టరు పని, స్టూడెంటువి నువ్వు దాని జోలికి వెళ్లకూడదు కూడా. కానీ అబద్ధం చెప్పకుండా ఉండటం నీ చేతిలో పనే. "నాను పోతానేటమ్మీ" అన్నప్పుడు చేతిలో ఉన్నది కింద పెట్టు, స్టూలు లాక్కుని కూర్చో, నిలబడి ఉంటే వెళ్లిపోయే మనిషిలా కనపడతావు. "ఎందుకలా అనిపిస్తోంది తాతయ్యా" అని అడుగు. అంతే. తర్వాత నోరు మూసుకో, మౌనంగా ఉండటం చాలా కష్టం, మొదట్లో లోపల పది అంకెలు లెక్కపెట్టుకో. ఆయన ఏమైనా చెప్పొచ్చు. నొప్పిగా ఉందనొచ్చు, రాత్రి వాళ్లావిడ కల్లోకి వచ్చిందనొచ్చు, పడవ మీద అప్పుందనొచ్చు, ఇంటికి తీసుకెళ్లిపొమ్మనొచ్చు, లేదా ఏమీ అనకుండా నీ చెయ్యి పట్టుకోవచ్చు. పోతానా అన్న ప్రశ్న లోపల సాధారణంగా ఇంకో ప్రశ్న ఉంటుంది, నొప్పితో పోతానా, ఒంటరిగా పోతానా, నా వాళ్లు ఏమైపోతారు, వీటిలో ఏదో ఒకటి. అది బయటికొస్తే దానికి నువ్వు చెయ్యగలిగింది ఏదో ఉంటుంది. నొప్పైతే సిస్టర్‌కి చెప్పి డాక్టర్ని పిలిపించొచ్చు, కూతుర్ని చూడాలంటే కబురు పెట్టొచ్చు. "నాకు తెలియదు తాతయ్యా, డాక్టరుగారిని అడగమని సిస్టర్‌కి చెప్తాను, నేను మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటాను" అంటే అందులో ఒక్క అబద్ధం లేదు చూడు. తర్వాత ఖచ్చితంగా సిస్టర్‌కి చెప్పు, ఆ మాట నీ ఒక్కదాని దగ్గర ఉండిపోకూడదు.

నువ్వు మార్కుల సంగతి రాశావు కదా, దాని గురించి కూడా చెప్పాలి. ఆ చాప్టర్‌లో పోబోయే మనిషి మనసు గురించి ఎలిజబెత్ కూబ్లర్ రాస్ చెప్పిన అయిదు దశలు ఉంటాయి, ఒప్పుకోకపోవడం, కోపం, బేరం, దిగులు, ఒప్పుకోవడం. 1969లో వచ్చిన ఆవిడ పుస్తకంలోవి అవి. షికాగోలో ఆ డాక్టరమ్మ చనిపోబోయే పేషెంట్ల మంచాల దగ్గర కూర్చుని వాళ్లనే అడిగి తెలుసుకున్న సంగతులవి, అప్పట్లో అక్కడ కూడా పోతున్న మనిషితో చావు గురించి మాట్లాడటం అంటే డాక్టర్లే ఇష్టపడేవాళ్లు కాదు. మనకేమో అది పరీక్షలో వరసగా రాయాల్సిన ఆన్సర్ అయిపోయింది. మనుషులు మెట్లెక్కినట్టు ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ వెళ్లరు, ఆవిడే తర్వాత చాలాసార్లు చెప్పింది ఆ మాట. పొద్దున్న ఒప్పేసుకున్నట్టు మాట్లాడిన మనిషి సాయంత్రం సింహాచలం మొక్కు గురించి మాట్లాడతాడు, వచ్చే ఏడు చందనోత్సవానికి వస్తానని అప్పన్నకి చెప్పుకుంటాడు, అది బేరమా ఆశా నమ్మకమా నువ్వు డబ్బాలో వెయ్యక్కర్లేదు, వింటే చాలు. ఆ పుస్తకంలో మనం నేర్చుకోవాల్సింది దశల కన్నా ముందు ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చోవడం.

ఇంకొకావిడ కథ చెప్తాను, ఇది మన నర్సులందరికీ తెలియాల్సింది. లండన్‌లో సిసిలీ సాండర్స్ అని, మొదట నర్సే, నడుం నొప్పి వల్ల నర్సింగ్ మానాల్సి వచ్చి ఆస్పత్రిలో సోషల్ వర్క్‌లో చేరింది. 1948లో డేవిడ్ తస్మా అని పోలండ్ నుంచి వచ్చిన ఒకాయన క్యాన్సర్‌తో పోతుంటే ఆయన దగ్గర కూర్చుని మాట్లాడేది, ఆయనకి ఆ ఊళ్లో నా అన్నవాళ్లు లేరు. పోతూ పోతూ పోబోయే మనుషుల కోసం ఆమె కట్టబోయే ఇంటికి ఒక కిటికీ పెట్టుకోమని 500 పౌండ్లు ఇచ్చి వెళ్లాడు. ఆవిడ తర్వాత మెడిసిన్ చదివి డాక్టరై, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ మొదలుపెట్టింది, ఆ కిటికీ నిజంగానే పెట్టింది. ఒంటి నొప్పి, మనసు నొప్పి, ఇంటి బాధలు, దేవుడితో ఉన్న లెక్కలు అన్నీ కలిపి ఒకే నొప్పి అని చెప్పింది ఆవిడే. ఇప్పుడు మీ సిలబస్‌లో పాలియేటివ్ కేర్, అంటే తగ్గని జబ్బులో బాధ తగ్గించే సేవ, మాడ్యూల్ ఉంది కదా, దాని వేరు ఒక మంచం పక్కన ఇద్దరు మనుషులు మాట్లాడుకున్న ఆ కబుర్లలో ఉందని నాకు అనిపిస్తుంది.

ఇక నిన్ను భయపెట్టినవి ఒక్కోటీ చెప్తాను, ఎందుకంటే తెలియనిదే రాత్రి పూట పెద్దదైపోతుంది. ఊపిరి ఆగి ఆగి రావడం, మెల్లగా మొదలై లోతుగా పెరిగి మళ్లీ తగ్గి కాసేపు ఆగిపోవడం, దానికి చెయిన్ స్టోక్స్ అని పేరు నువ్వు చదివే ఉంటావు. పుస్తకంలో గీత గీసి చూపిస్తారు, మంచం పక్కన ఆ ఆగిపోయిన అరనిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో ఏ గీతా చెప్పదు. గొంతులో గరగర ఏంటంటే ఆ మనిషికి మింగే శక్తి, దగ్గే శక్తి పోయి తెమడ అక్కడే నిలిచి ఊపిరి దాని మీంచి వెళ్తుంది, వినే మనకే ప్రాణం పోతున్నట్టు ఉంటుంది గాని అప్పటికి ఆయనకి చాలావరకు స్పృహ ఉండదు, ఆ బాధ తెలియదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి తల కొంచెం ఎత్తు పెడితే తగ్గుతుంది, డాక్టర్ రాస్తే తెమడ ఊరడం తగ్గించే గ్లైకోపైరోలేట్ ఇస్తారు, తెమడ లాగే సక్షన్ ట్యూబు లోపలికంటా పెట్టి లాగితే ఆయన్ని ఇబ్బంది పెట్టడమే. మోకాళ్ల మీద నీలం మచ్చలు, కాళ్లు చల్లబడటం, రక్తం చివర్ల నుంచి వెనక్కి తగ్గిపోయి గుండె దగ్గరే తిరుగుతోందని అర్థం.

చెవి మాత్రం చివరిదాకా పనిచేస్తుందని మా సీనియర్ సిస్టర్లు చెప్పేవాళ్లు. 2020లో కెనడాలో పోబోయే పేషెంట్లకి మెదడు తరంగాలు తీసి చూస్తే, పలకని మనుషుల్లో కొందరి మెదడు కూడా శబ్దాలకి స్పందించిందని తేలింది. కాబట్టి మంచం పక్కన నిలబడి ఇంకెంతసేపు ఉంటారు సిస్టర్ లాంటి మాటలు ఎవర్నీ అననివ్వకు. కూతుర్ని దగ్గరకి పిలిచి చెవిలో మాట్లాడమను.

ఇక ఆ మూలుగు. మనిషి పోయాక కూడా ఊపిరితిత్తుల్లో కొంత గాలి మిగిలి ఉంటుంది, పక్కకి తిప్పగానే అది గొంతు తీగల మీంచి బయటికొస్తుంది, ప్రాణం కాదమ్మా అది, గాలి. ఇది తిప్పక ముందే నీకు ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది, సౌండ్ వస్తుంది భయపడకు అని ఒక్క మాట, దానికి అరనిమిషం పట్టదు. నువ్వు అరవడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. రేపు నీ జూనియర్‌ని నువ్వు తీసుకెళ్లినప్పుడు ముందే చెప్పు.

బాడీ క్లీన్ చేసే పని నీ చేతి నుంచి లాగేశారు కదా, ఈసారి అడిగి మరీ చెయ్యి. డాక్టర్ చూసి డిక్లేర్ చేసేదాకా ఏదీ మొదలుపెట్టకూడదు, మెడికోలీగల్, అంటే పోలీసు కేసైతే ట్యూబులు, క్యాన్యులాలు ఏవీ పీకకూడదు, ఎలా ఉన్నది అలా మార్చురీకి వెళ్లాలి, ఇవి నీకు తెలిసినవే. కళ్లు మూయడం, దవడ కింద గుడ్డ పెట్టడం, కాళ్లు చేతులు సరిచెయ్యడం ఎందుకు తొందరగా చేస్తారంటే రెండు నుంచి నాలుగు గంటల్లో కండరాలు బిగుసుకోవడం మొదలవుతుంది, ముందు తెలిసేది మొహంలో, దవడలో. ఇప్పుడు మీ ఊళ్లో ఎవరైనా పోతే పెద్దవాళ్లు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకో, గెడ్డం కింద నుంచి గుడ్డ కడతారు, కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కడతారు, రెప్పలు మూస్తారు, స్నానం చేయిస్తారు. మీ పుస్తకంలో ప్రొసీజరు అని రాసిందీ మీ నానమ్మ చేసిందీ దాదాపు ఒకటే. నువ్వు చిన్నప్పుడు గుమ్మం దగ్గర నిలబడి చూసే ఉంటావు, నీకు ఇది పూర్తిగా కొత్త కాదు.

నేనైతే బాడీతో మాట్లాడుతూ చేసేదాన్ని. "తాతయ్యా, ఇప్పుడు ఇటు తిప్పుతున్నాను, మొహం తుడుస్తున్నాను" అని బతికున్నప్పుడు చెప్పినట్టే. కొత్తవాళ్లు నన్ను వింతగా చూసేవాళ్లు. అలా మాట్లాడితే చేతులు మెత్తగా పనిచేస్తాయి, లేదంటే తెలియకుండానే బస్తా తిప్పినట్టు తిప్పేస్తాం.

పోయాక కూడా ఇంటివాళ్లకి మనం చెయ్యాల్సింది ఉంటుంది, దాన్ని ఎవరూ నర్సింగ్ అనుకోరు. మన కేజీహెచ్‌కే చూడు, 1923 నుంచి నడుస్తున్న కింగ్ జార్జ్ ఆస్పత్రి, శ్రీకాకుళం నుంచి, పాడేరు అరకు కొండల నుంచి, ఒడిశా అంచుల నుంచి కూడా జనం వస్తారు, వంద కిలోమీటర్లు దాటి వచ్చిన మనిషి పోతే ఆ ఇంటివాళ్లకి మొదటి ఆలోచన దుఃఖం కూడా కాదు, ఇప్పుడు ఊరికి ఎలా తీసుకెళ్లాలి అని. ప్రభుత్వ ఆస్పత్రుల్లో శవాన్ని ఊరికి చేర్చే మహాప్రస్థానం బండి ఉచితంగా ఉంటుందని, చావు 21 రోజుల్లో రిజిస్టర్ చేయించుకోవాలని, ఏ కాగితం ఎవరి దగ్గర తీసుకోవాలని, ఇవి పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పే మనిషి ఉంటే ఎంత సాయమో. కొందరైతే కొన ఊపిరి ఉండగానే ఇంటికి తీసుకెళ్లిపోతామంటారు, మన చేతుల్లో పోవాలి, సొంత గుమ్మంలో పోవాలి అని. వాళ్లని చదువు లేని జనం అని విసుక్కోవడం నేను వార్డుల్లో విన్నాను, నాకు ఎప్పుడూ నచ్చలేదు. తులసి నీళ్లు పోస్తామన్నా అంతే, వద్దని కసరకు, స్పృహ లేని మనిషి గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని చెప్పి, దూది తడిపి పెదాలకి అద్దమను, ఆ తులసీ అందుతుంది, ఆయనకీ ఇబ్బంది ఉండదు.

బజ్జీలు తిన్న నీ ఫ్రెండ్స్ గురించి కోపంగా రాయలేదు గాని కోపం ఉంది నీకు. వాళ్లు రాళ్లు కాదు. ఒళ్లు వణికే పని చేసి బయటికొచ్చాక కొందరికి నవ్వొస్తుంది, కొందరికి ఆకలేస్తుంది, కొందరు అరగంట చేతులు కడుగుతూనే ఉంటారు. ఒక రాత్రి హాస్టల్లో లైటు ఆర్పాక వాళ్లని అడుగు, మీకేం అనిపించింది అని. బహుశా నీ కన్నా ఎక్కువ చెప్తారు. మా బ్యాచ్‌లో ఎవరికీ పట్టనట్టు ఉండే పిల్ల ఒకతి మూడేళ్లూ ఏ పేషెంటు పోయినా పేరు నోట్‌బుక్కు వెనకాల రాసుకునేదని నాకు చివరి ఏడు తెలిసింది.

నిజానికి పారిపోవాలనిపించడం ఎంత మామూలంటే, ఫ్రోమెల్ట్ అనే అమెరికన్ నర్సు 1991లో పోబోయే పేషెంట్ల పట్ల నర్సుల మనసెలా ఉందో కొలవడానికి 30 వాక్యాల ప్రశ్నాపత్రం తయారు చేసింది, ఇప్పటికీ ఎన్నో దేశాల్లో నర్సింగ్ స్టూడెంట్ల మీద అదే వాడతారు, మనిషి పోతుంటే అక్కడి నుంచి పారిపోవాలనిపిస్తుంది అనే అర్థం వచ్చే వాక్యం అందులోనే ఉంది, చావు గురించి పేషెంటుతో మాట్లాడాలంటే ఇబ్బందిగా ఉంటుంది అన్నదీ ఉంది. నువ్వు వార్డులో చేసింది ముందే అచ్చేసి పెట్టారమ్మా. పోబోయే వాళ్ల సేవలో ట్రైనింగ్ ఇచ్చాక స్టూడెంట్ల తీరు మెరుగవుతుందని కూడా చాలా చోట్ల కనపడింది. అందుకే చెప్తున్నాను, వీలైతే మీ మేడమ్‌ని అడిగి క్యాన్సర్ పేషెంట్లు ఉండేచోట కొన్నాళ్లు అబ్జర్వేషన్‌కి వెళ్లు, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి మనకి దగ్గరే కదా. తగ్గని జబ్బుతో ఉన్న మనిషికి కూడా చెయ్యాల్సిన పని రోజంతా ఉంటుందని కళ్లతో చూస్తావు. అరుణా శాన్‌బాగ్ పేరు విన్నావా, తమ తోటి నర్సు 1973లో దాడి వల్ల స్పృహ కోల్పోతే ముంబై కేఈఎం ఆస్పత్రి నర్సులు 2015 మే దాకా, ఆమె పోయేదాకా, నలభై ఏళ్ల పైన తమ చేతుల మీద చూసుకున్నారు. లేస్తుందన్న ఆశతో కాదు. తగ్గించలేకపోయాను కాబట్టి ఓడిపోయాను అనే లెక్క నర్సింగ్‌లో లేదు, ఆ తాతయ్యకి నువ్వు గీసిన గెడ్డం ఆయన పోయినా వేస్టు కాలేదు.

మీ అమ్మ మాట. తలస్నానం చెయ్యమంటే చెయ్యి, నేను ముప్పై ఏళ్లు చేశాను, నైట్ డ్యూటీలో ఎవరైనా పోతే పొద్దున్నే ఇంటికెళ్లి తలమీంచి నీళ్లు పోసుకునేదాన్ని, మైల అని కాదు, ఆ నీళ్లతో డ్యూటీ అయిపోయిందని ఒంటికి తెలిసేది. మానేసి రమ్మంటే మాత్రం అమ్మతో కోప్పడకుండా నీ భయం ఏంటో అసలు సంగతి చెప్పు, ఆవిడ నీకు దెయ్యం భయం అనుకుంటోంది పాపం. మనం ఇంట్లో చావు మాట ఎత్తితే నోరు ముయ్యి అంటాం. కానీ ఇదే వైజాగ్‌లో చావులమదుం అని ఒక జంక్షన్ ఉంది, జ్ఞానాపురం శ్మశానానికి శవాల్ని ఆ మదుం, అంటే తూము, కిందుగా తీసుకెళ్లేవారని పెద్దవాళ్లు చెప్తారు, ఆటోవాళ్లు ఆ పేరు రోజూ కేకేస్తూనే ఉంటారు, జనం ఎక్కుతారు దిగుతారు, ఎవరూ ఉలిక్కిపడరు. నాకు ఆ పేరు చిన్నప్పటి నుంచీ ఇష్టం, ఎందుకో సరిగ్గా చెప్పలేను.

నిద్ర సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోను. మూడు వారాలు నిద్ర లేకపోవడం ఎక్కువే. ఈ వారంలోనే మీ క్లాస్ కోఆర్డినేటర్ మేడమ్‌కి చెప్పు, చెప్పడానికి నోరు రాకపోతే నాకు రాసింది ఉన్నదున్నట్టు చూపించు. తిండి తినలేకపోతున్నా, పగలు కూడా అదే దృశ్యం కళ్లముందుకి వస్తున్నా, బతకాలని లేదు అనిపించినా ఒక్క రోజు కూడా ఆగకు, 14416కి ఫోన్ చెయ్యి, టెలీమానస్ అని మనసు బాగోని వాళ్ల కోసం ప్రభుత్వం వాళ్లు పెట్టిందే, డబ్బులు అక్కర్లేదు. చినవాల్తేరు మానసిక ఆస్పత్రి పేరు చెప్తే మనూళ్లో జనం వెక్కిరింపుగా మాట్లాడతారు, నువ్వు నర్సువి, అలాంటి మాటలు నీ నోట రాకూడదు, నీకు అవసరమైతే వెళ్లడానికి సిగ్గుపడకూడదు.

పనికిరానా అని అడిగావు. తాతయ్య మాటకి జవాబు చెప్పలేకపోయానని మూడు వారాలు నిద్రపోని పిల్ల పనికిరాదని నేను ఎలా చెప్తాను. నా మంచం దగ్గరకి అలాంటి పిల్లే రావాలని కోరుకుంటాను.

చివరిది, వాళ్లింటికి వెళ్లడం. వెళ్లు. మీ మేడమ్‌కి చెప్పి, ఒక ఫ్రెండ్‌ని తీసుకుని, ఆదివారం పొద్దున్న మద్దిలపాలెంలో భీమిలి బస్సెక్కితే సాయంత్రానికి వచ్చేయొచ్చు. యూనిఫామ్ వద్దు. ట్రీట్‌మెంట్ గురించి, ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్లి ఉంటే బతికేవాడా అని అడిగితే అది డాక్టరుగారినే అడగాలి అక్కా అను, నీ అభిప్రాయాలు చెప్పకు. ఏదైనా పెడితే తిను, వద్దనకు. డబ్బులు, చీరలు లాంటివి ఇస్తే మాత్రం తీసుకోకు.

ఆ అమ్మాయి నిన్ను ఎందుకు పిలుస్తోందో నాకు కొంచెం తెలుసు. ఆ ఎనిమిది రోజులూ పొద్దుటి పూట వాళ్ల నాన్న దగ్గర ఉన్నది నువ్వు. మా నాన్న నీతో ఏమైనా అనేవాడా అని అడుగుతుంది. పోతానా అని అడిగారని నీ అంతట నువ్వు ఎత్తకు, ఆమే అడిగితే దాచకు. అన్నింటికన్నా ముందు రోజూ గాలెటుందని అడిగేవారని చెప్పు. నీకు తెలిసేది కాదని కూడా చెప్పు. ఒడ్డు మీదే ఇల్లు కదా, గాలి ఎటుందో ఎలా చూస్తారో ఆమెనే అడుగు.